తాయిలం విలువ ఎక్కడ తగ్గిపోతుంది? కుక్కపిల్ల శిక్షణలో ఆసక్తి గురించి

ఇంటికి వచ్చిన తొలి వారంలో చేతిలో తాయిలం కనిపించగానే చెప్పకముందే కూర్చున్న కుక్కపిల్ల, నెల తిరిగేసరికి అదే తాయిలాన్ని వాసన చూసి పక్కకు వెళ్లిపోతుంది. గదిలో తడుముకోకుండా విన్న మాట వీధిలోకి వెళ్లేసరికి దాని చెవికెక్కదు. ఒక పనిని నాలుగైదు సార్లు ఉత్సాహంగా చేసి, ఆ తర్వాత నేల మీద చతికిలబడి దిక్కులు చూస్తుంది. ఇలాంటప్పుడు పెంచేవారికి అందే సలహా సాధారణంగా ఒక్కటే: ఇంకా రుచిగా ఉండేది ఏదైనా పెట్టి చూడండి. ఈ సలహా కొన్నిసార్లు పనిచేస్తుంది, కానీ చాలాసార్లు అసలు లోపాన్ని కొద్ది రోజులపాటు కప్పిపెట్టడం తప్ప మరేమీ చేయదు. కుక్కపిల్ల ఏం ఆశించింది, దానికి ఏం దొరికింది, దాన్ని గెలుచుకోవడం ఎంత కష్టమైంది, ఆ సమయంలో దాని ఒళ్లు, మనసు ఏ స్థితిలో ఉన్నాయి అన్న విషయాలన్నీ కలిసి తాయిలం విలువను నిర్ణయిస్తాయి. రుచి పెంచడం వీటిలో ఒక్కదాన్ని మాత్రమే, అదీ కొంతవరకే, సరిచేస్తుంది.

బహుమతి అవునో కాదో తేల్చేది ఎవరు?

తిండి పెట్టి జంతువులకు పని నేర్పడం మనిషికి ఏనాటి నుంచో తెలిసిన విద్యే అయినా, దాని వెనుక ఉన్న సూత్రాన్ని ప్రయోగాలతో కొలిచి చూడటం 19వ శతాబ్దం చివర్లో మొదలైంది. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఆకలితో ఉన్న పిల్లులను గడియ పెట్టిన పెట్టెల్లో ఉంచి, బయట ఆహారం పెట్టి, అవి గడియ తీయడం నేర్చుకోవడానికి ఎంత సమయం తీసుకుంటున్నాయో లెక్కగట్టి, 1898లో ఆ పరిశోధనను ప్రచురించాడు. మంచి ఫలితం ఇచ్చిన చర్యను జంతువు మళ్లీ మళ్లీ చేస్తుందని, ఫలితం లేనిదాన్ని క్రమంగా వదిలేస్తుందని ఆయన గమనించిన సంగతే తర్వాత ఫలిత నియమంగా పేరు పొందింది. 1930లలో బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో దాన్ని విస్తరించి, మనస్తత్వశాస్త్రంలో పునర్బలనం అని చెప్పుకునే భావనకు స్పష్టమైన రూపం ఇచ్చాడు: ఒక చర్య తర్వాత వచ్చి, ఆ చర్య మళ్లీ జరిగే అవకాశాన్ని పెంచేది ఏదైనా పునర్బలనమే.

ఈ నిర్వచనంలో రుచి మాట గానీ, ఖరీదు మాట గానీ, ఇచ్చేవారి ఉద్దేశం మాట గానీ లేకపోవడం గమనించదగ్గది. మనం బహుమతి అనుకుని ఇచ్చినంత మాత్రాన అది బహుమతి అయిపోదు. ఇచ్చిన తర్వాత ఆ పని పెరిగితేనే అవుతుంది. తల మీద తట్టడాన్ని మనుషులు మెచ్చుకోలుగా భావిస్తారు, కానీ ఆ చేతి కింద నుంచి తల వంచి తప్పుకునే కుక్కపిల్లలు ఎన్నో ఉంటాయి. అలా తప్పుకున్న పిల్ల లెక్కలో, చెప్పిన పని చేసినందుకు దానికి దొరికింది చిన్నపాటి ఇబ్బంది. తర్వాతిసారి అది పిలిచిన చోటికి నెమ్మదిగా రావడంలో వింతేమీ లేదు.

మరి మెచ్చుకోలు, నిమరడం చాలవా, తిండే ఎందుకు అనే ప్రశ్న తరచుగా వస్తుంది. ఎరికా ఫ్యూయర్‌బాకర్, క్లైవ్ విన్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో, కుక్కల చేత ఒక పనిని మళ్లీ మళ్లీ చేయించడంలో మనిషి పలకరింపు, స్పర్శ కంటే తిండి చాలా బలంగా పనిచేసింది. ఆ తర్వాత వారే చేసిన మరో అధ్యయనంలో కుక్కలు మాటల మెప్పు కంటే నిమరడాన్ని ఎక్కువగా కోరుకున్నాయి. మరోవైపు, ఎమ్మారై యంత్రంలో మెలకువగా, కదలకుండా పడుకోవడం నేర్చుకున్న 15 కుక్కల మెదళ్లను గ్రెగరీ బర్న్స్ బృందం 2016లో పరిశీలించినప్పుడు, వాటిలో ఎక్కువ కుక్కల్లో యజమాని మెప్పుకు సంబంధించిన స్పందన తిండికి సంబంధించిన స్పందనతో సమానంగానో, అంతకంటే ఎక్కువగానో కనిపించింది. ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు కనిపిస్తాయి గాని, అవి అడిగిన ప్రశ్నలు వేరు. ఏది ఎక్కువ పని చేయిస్తుందని మొదటిది అడిగింది. మెదడు దేనికి ఎంత స్పందిస్తుందని రెండోది అడిగింది. కుక్కకు మనిషి ప్రేమ అక్కర్లేదని వీటిలో ఏదీ చెప్పలేదు. అయితే నిమిషంలో పదిసార్లు ఇచ్చి, క్షణంలో మింగించి, వెంటనే మళ్లీ అదే పని అడగగలిగే సౌలభ్యం తిండికి ఉన్నంతగా మరి దేనికీ లేదు. కొత్త పని నేర్పే తొలి దశలో తిండికి దక్కే పెద్దపీటకు ప్రధాన కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఆశించినది, దొరికినది

1928లో ఓ.ఎల్. టింకిల్‌పా కోతులతో చేసిన ఒక ప్రయోగం కుక్కపిల్లలను పెంచే ప్రతివారికీ పనికొచ్చేది. ఆయన కోతి చూస్తుండగా ఒక గిన్నె కింద అరటిపండు దాచి, అది చూడనప్పుడు తీసేసి లెట్యూస్ ఆకు పెట్టాడు. మామూలుగా అయితే కోతి ఆ ఆకును తినేదే. కానీ అరటిపండు ఆశించి గిన్నె తెరిచిన కోతి ఆకును వదిలేసి, చుట్టూ వెతికి, చివరకు చూస్తున్నవారి మీద అరిచింది. 1942లో లియో క్రెస్పీ ఎలుకలతో ఇదే విషయాన్ని అంకెల్లో చూపించాడు: పెద్ద బహుమతికి అలవాటుపడిన ఎలుకలకు చిన్నది ఇస్తే, మొదటి నుంచీ చిన్నదానికే పరుగెత్తిన ఎలుకల కంటే కూడా అవి నెమ్మదించాయి. కుక్కల విషయంలో 2009లో అర్జెంటీనా పరిశోధకులు దీనికి దగ్గరి ఫలితమే చూశారు. కాలేయం ముక్కలకు అలవాటుపడిన కుక్కలకు మధ్యలో మామూలు డ్రై ఫుడ్ గుళికలు ఇస్తే, వాటిని తిరస్కరించడం ఎక్కువైంది.

ఇంకా రుచిగా ఉండేది పెట్టండి అనే సలహాకు ఉన్న అసలు ఖరీదు ఇక్కడ కనిపిస్తుంది. ఏ ఆటంకమూ లేని గదిలో, కూర్చోవడం లాంటి తేలిక పనికి, ఇంట్లో ఉన్నవాటిలో అత్యుత్తమమైన తాయిలాన్ని మొదటి రోజే ఖర్చు చేస్తే, మరుసటి రోజు నుంచి మామూలు గుళికల విలువ పడిపోతుంది. అంతకంటే నష్టం, వీధిలో మరో కుక్క ఎదురైనప్పుడు పైమెట్టు ఎక్కడానికి చేతిలో ఏమీ మిగలదు. కాబట్టి అనుభవం ఉన్న శిక్షకులు తాయిలాల్లో తరగతులు పాటిస్తారు: గదిలో రోజువారీ గుళికలు, పెరట్లో కాస్త మెత్తని, వాసన గల ముక్కలు, బయట రద్దీ ఉన్న చోట ఉడికించిన కోడిమాంసం లాంటివి. ఒకే పాఠం మధ్యలో పైతరగతి నుంచి కిందికి దిగడం వీలైనంత వరకు మానుకోవాలి.

పరిమాణం సంగతి వేరు. స్టెఫానీ రీమర్ బృందం 2018లో ప్రచురించిన పరిశోధనలో, కుక్కలు నాణ్యమైన తిండి కోసం వేగంగా పరుగెత్తాయి గాని, ఒక ముక్కకు బదులు ఐదు ముక్కలు పెట్టినందుకు వేగం పెంచలేదు. అంటే గుప్పెడు గుళికలు ఒక్కసారి ఇవ్వడం కంటే, అదే గుప్పెడును ఒక్కొక్కటిగా అనేక ప్రయత్నాలకు పంచడం మేలు. ముక్క బఠాణీ గింజంత ఉంటే చాలు. చిన్న జాతి పిల్లలకు అందులో సగం చాలు. నమలాల్సిన పెద్ద బిస్కెట్ ఇస్తే పిల్ల దాన్ని కొరికి, రాలిన పొడిని నాకి, తలెత్తేసరికి ఇంతసేపూ ఏం చేస్తున్నామో మరిచిపోతుంది.

మెదడులో జరిగేది కూడా దీనితో సరిపోతుంది. నాడీశాస్త్రవేత్త వుల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మెదళ్లలో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలను గమనిస్తూ పోయినప్పుడు, అనుకోకుండా పండ్లరసం దొరికితే అవి చురుగ్గా స్పందించడం, రసం రాబోతోందని చెప్పే సంకేతం అలవాటయ్యాక ఆ స్పందన రసం నుంచి సంకేతానికి మారిపోవడం, ఆశించిన వేళకు రసం రాకపోతే వాటి చురుకు మామూలు స్థాయి కంటే కిందికి పడిపోవడం కనిపించాయి. 1997లో పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి ఆయన దీన్ని ఒక సిద్ధాంతంగా వివరించాడు: ఆ కణాలు బహుమతిని కాక, అంచనాకూ వాస్తవానికీ మధ్య తేడాను కొలుస్తున్నాయి. వందోసారి అదే గుళిక, అదే చోట, అదే చేత్తో అందుకున్న కుక్కపిల్లకు ఆ గుళికలో కొత్త కబురు ఏదీ ఉండదు.

ఇక్కడి నుంచే ఒక అపార్థం పుట్టింది. అంచనా తప్పితేనే ఉత్సాహం కాబట్టి తాయిలాన్ని కొన్నిసార్లు ఇచ్చి కొన్నిసార్లు ఎగ్గొట్టాలని, అదీ మొదటి వారం నుంచే మొదలుపెట్టాలని చెప్పేవారున్నారు. ఎగ్గొట్టడానికి శాస్త్రంలో ఆధారం లేకపోలేదు. అప్పుడప్పుడు మాత్రమే బహుమతి అందుకున్న అలవాటు, బహుమతి పూర్తిగా ఆగిపోయినా ఎక్కువకాలం నిలుస్తుందని 1939 నుంచీ ప్రయోగాలు చూపుతూ వచ్చాయి. కానీ అది అలవాటు నిలవడం గురించిన మాట. నేర్చుకోవడం గురించినది కాదు. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో, క్లిక్కర్ (నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం) శబ్దం చేసిన ప్రతిసారీ తిండి అందుకున్న కుక్కలను, 60 శాతం సార్లు మాత్రమే అందుకున్న కుక్కలతో గియులియా చిమరెల్లి బృందం పోల్చింది. రెండో గుంపు వేగంగా నేర్చుకోలేదు సరికదా, ఆ తర్వాతి పరీక్షలో వాటి ధోరణి మరింత నిరాశాపూరితంగా కనిపించింది. చెప్పిన పని ఏమిటో ఇంకా తేలని పిల్లకు, సరిగ్గా చేసినా తాయిలం రాకపోతే, తాను తప్పు చేశానన్న అర్థమే మిగులుతుంది.

అంచనా తప్పించాల్సింది తాయిలం వస్తుందా రాదా అన్న విషయంలో కాక, ఏది వస్తుంది, ఎలా వస్తుంది అన్న విషయంలో అయితే ఈ చిక్కు రాదు. గుళికను ఒకసారి నోటికి అందించి, ఒకసారి నేల మీద దొర్లించి వెంటాడనివ్వడం, ఒకసారి గడ్డిలో చల్లి వెతకనివ్వడం లాంటివి అదే గుళికను మూడు రకాల బహుమతులుగా మారుస్తాయి. రకరకాల తిళ్లు మార్చి మార్చి పెడితే అన్ని కుక్కలూ ఎక్కువ ఇష్టపడతాయన్న నమ్మకం మాత్రం పరీక్షకు నిలవలేదు. 2018లో ఇదే ప్రశ్నతో చేసిన ఒక పరిశోధనలో గుంపు మొత్తంగా ఏ మొగ్గూ కనిపించలేదు. కొన్ని కుక్కలు మార్పును, కొన్ని స్థిరత్వాన్ని కోరుకున్నాయి. తమ పిల్ల ఏ కోవకు చెందుతుందో పెంచేవారే చూసి తెలుసుకోవాలి.

ఎర, బహుమతి

చేతిలో గుళిక ఉంచి, పిల్ల ముక్కు ముందు నుంచి పైకి, వెనక్కి కదిలిస్తే దాని తల లేచి నడుము దిగుతుంది, కూర్చుంటుంది. ఇది ఎర. కూర్చున్న తర్వాత, అంతకుముందు కనిపించని గుళిక జేబులో నుంచి వస్తే అది బహుమతి. పైకి ఈ రెంటికీ తేడా చిన్నదే, కానీ ఆసక్తి ఉండటం, చచ్చిపోవడం చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. ఎర పని ముందు వస్తుంది, బహుమతి పని తర్వాత వస్తుంది. ఎరనే నెలల తరబడి వాడితే, చేతిలోని గుళిక కనిపించడమే ఆజ్ఞలో భాగంగా మారిపోతుంది. చేయి ఖాళీగా ఉంటే పని లేదని పిల్ల సరిగ్గానే నేర్చుకుంటుంది. తిండితో నేర్పితే కుక్క లంచానికి మరుగుతుందని చేసే ఫిర్యాదు నిజానికి ఇలా ఎరలోనే ఆగిపోయిన శిక్షణ గురించే.

దీని నుంచి బయటపడటం కష్టమేమీ కాదు. నాలుగైదు సార్లు గుళికతో చేయి కదిపాక, అదే కదలికను ఖాళీ చేత్తో చేసి, పిల్ల కూర్చోగానే రెండో చేత్తోనో, పక్కనున్న బల్ల మీది గిన్నెలో నుంచో తాయిలం ఇవ్వాలి. గిన్నె కళ్ల ముందే ఉన్నా పని చేస్తేనే అందులోది తనకు వస్తుందని పిల్ల గ్రహించే సరికి చేతిలో ఏముందని వెతకడం మానేస్తుంది.

తాయిలం వచ్చే క్షణం కూడా అంతే ముఖ్యం. పిల్ల కూర్చున్నాక యజమాని సంచి జిప్పు తీసి, తడిమి, గుళిక బయటికి తీసేలోపు అది లేచి నిలబడుతుంది. అప్పుడు అందిన తాయిలం నిలబడినందుకే చెల్లుతుంది. ఈ జాప్యాన్ని పూడ్చడానికి శిక్షకులు పని జరిగిన క్షణంలోనే ఒక చిన్న మాటో, క్లిక్కర్ శబ్దమో వాడతారు. దాని వెంట తిండి తప్పక రావడం వల్ల, రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ కుక్కల మీద చూపించిన పద్ధతిలోనే, ఆ శబ్దమే శుభవార్త అవుతుంది. క్లిక్కర్‌కు ప్రత్యేకమైన మహిమ ఉందన్న ప్రచారాన్ని మాత్రం కాస్త తగ్గించి చూడాలి. 51 కుక్కలతో చేసి 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో క్లిక్కర్‌తోనూ, మాటతోనూ, కేవలం తిండితోనూ నేర్చుకున్న కుక్కల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సంకేతాన్ని సరైన క్షణంలో ఇవ్వగలిగితే అది ఏ రూపంలో ఉన్నా ఫర్వాలేదు.

గెలుపు ఎంత దూరంలో ఉంది?

పాఠం మధ్యలో చతికిలబడే పిల్లను గమనిస్తే, చాలాసార్లు అది అప్పటికే వరుసగా రెండు మూడు సార్లు ఓడిపోయి ఉంటుంది. తొలి దశలో పది ప్రయత్నాల్లో కనీసం ఎనిమిదికైనా తాయిలం దక్కేలా పనిని తేలిక చేయాలన్నది శిక్షకులు పాటించే మోటు లెక్క. అంతకంటే తగ్గితే పని కష్టమైందని అర్థం. అప్పుడు తాయిలం రుచి పెంచడం కంటే పనిని ఒక మెట్టు దించడం చౌక, ఫలితమూ స్థిరం.

కష్టం ఎక్కడ పెరిగిందో కనిపెట్టడానికి ఎంతసేపు, ఎంత దూరం, ఎంత ఆటంకం అనే మూడు కొలతలు ఉన్నాయి. మూడింటిలో ఒకదాన్ని పెంచినప్పుడు మిగతా రెంటినీ తగ్గించాలి. గదిలో పది సెకన్లు కదలకుండా కూర్చున్న పిల్ల, పార్కులో రెండు సెకన్లే కూర్చుంటే దాన్ని మొండితనంగా చూడటం అన్యాయం. మనుషులకు ఒకే మాటగా వినిపించే ఆజ్ఞ, చోటు మారేసరికి కుక్కకు దాదాపు కొత్త పాఠమే అవుతుంది. వంటగదిలో నేర్చినదాన్ని హాల్లో, పెరట్లో, గేటు బయట మళ్లీ మొదటి నుంచి, ప్రతిచోటా తొలి రెండు మూడు ప్రయత్నాలు మరీ తేలికగా ఉండేలా నేర్పాలి.

పాఠం నిడివి గురించి పెద్ద చర్చ అక్కర్లేదు: రెండు నుంచి ఐదు నిమిషాలు, పిల్ల ఇంకా అడుగుతుండగానే ఆపేయాలి. రోజూ చేయలేకపోయామని బాధపడేవారికి ఒక ఊరట ఉంది. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, రోజూ శిక్షణ పొందిన కుక్కల కంటే వారానికి ఒకటి రెండు సార్లు మాత్రమే పొందిన కుక్కలు తక్కువ పాఠాల్లోనే నేర్చుకున్నాయి. నేర్చుకున్న తర్వాత నిద్రపోతే పాఠం మెరుగ్గా నిలుస్తుందని హంగరీ పరిశోధకులు, పాఠం అయ్యాక ఆడిస్తే మర్నాడు మెరుగ్గా చేస్తాయని లాబ్రడార్ల మీద పనిచేసిన బ్రిటన్ పరిశోధకులు 2017లో వేరువేరుగా చూపించారు. పిల్ల అలసిపోయాక ఇంకో పది గుళికలు పెట్టి సాగదీసిన పాఠం ఈ రెంటికీ చోటు లేకుండా చేస్తుంది.

ఆకలి, భయం, పళ్లు

పిల్లను పస్తు పెట్టి శిక్షణ ఇవ్వాలన్న పాత సలహా ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంది. అది అనవసరం, కొన్నిసార్లు ప్రమాదకరం. చిన్న జాతి పిల్లలు కొన్ని గంటలు తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోయి నీరసించవచ్చు, వణకవచ్చు, మూర్ఛపోవచ్చు. మూడు నాలుగు పూటలు తినే వయసులో, తర్వాతి పూటకు కాస్త ముందు పాఠం పెట్టుకుంటే సరిపడా ఆకలి దానంతట అదే ఉంటుంది. మరీ ఆకలిగా ఉన్న పిల్ల ఆలోచించదు. చేతి మీదికి ఎగబడుతుంది. తాయిలాన్ని ఎప్పుడూ లేనంత మొరటుగా, పళ్లు తగిలేలా లాక్కుంటోందంటే అది ఆకలి కావచ్చు, లేదా చుట్టూ ఉన్న సందడికి మితిమీరిన ఉద్రేకం కావచ్చు. ఏదైనా కాస్త విరామం ఇవ్వాల్సిన సమయమే.

తిండి మీద యావ అన్ని కుక్కల్లో ఒకేలా ఉండదు, దానికి కొంతవరకు పుట్టుకే కారణం. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలినార్ రాఫన్ బృందం 2016లో, సుమారు పావువంతు లాబ్రడార్లలో పీవోఎంసీ అనే జన్యువులో చిన్న భాగం లోపించిందని, అలాంటి కుక్కల్లో బరువు, తిండి మీద ఆసక్తి రెండూ ఎక్కువని కనిపెట్టింది. సహాయక కుక్కలుగా ఎంపికైన లాబ్రడార్లలో ఈ లోపం మరింత ఎక్కువగా కనిపించడం విశేషం. తాయిలంతో తేలిగ్గా నేర్చుకునే కుక్కలను ఏరుకుంటూ పోయినప్పుడు ఆ జన్యువు కూడా వాటితో పాటే వచ్చి ఉండవచ్చు. పక్కింటి లాబ్రడార్ ఎండిన గుళిక కోసం పల్టీలు కొడుతుంటే, మన పిల్ల దాన్ని వాసన చూసి వదిలేయడం శిక్షణ లోపం కానవసరం లేదు.

మూడున్నర, నాలుగు నెలల నుంచి ఆరేడు నెలల దాకా 28 పాలపళ్లు ఊడి 42 శాశ్వత పళ్లు వచ్చే కాలంలో గట్టి తాయిలం నొప్పి పెడుతుంది. అంతవరకు ఇష్టంగా తిన్న బిస్కెట్‌ను నోట్లో పెట్టుకుని వదిలేస్తే, మెత్తనిది ఇచ్చి చూడాలి. ఆహారాన్ని కాస్త గోరువెచ్చగా చేస్తే వాసన పెరిగి ఆసక్తి కలుగుతుంది. తాయిలంతో పాటు భోజనాన్ని కూడా వదిలేస్తే, వాంతులు, విరేచనాలు, నీరసం తోడైతే, అది పశువైద్యుడు చూడాల్సిన విషయం.

వీటన్నిటి కంటే ఎక్కువగా పొరబడేది భయం విషయంలో. ఇంట్లో తిన్న తాయిలాన్నే రోడ్డు మీద తిరస్కరించే పిల్ల మొండికేస్తోందనో, గారాబం పోతోందనో అనుకుంటారు. భయపడిన శరీరం పారిపోవడానికి సిద్ధమవుతుంది, జీర్ణక్రియను పక్కన పెడుతుంది. ఆ క్షణాన ఎంత రుచికరమైనదైనా నోటికి ఎక్కదు. అందుకే బయట తాయిలం తినడం, తినకపోవడం పిల్ల మనఃస్థితికి చక్కని కొలమానం. తినడం మానేసిందంటే భయపెట్టినదానికి దూరంగా తీసుకువెళ్లాలి, మళ్లీ తినడం మొదలుపెట్టిన దూరంలో ఆగాలి.

ఆ దూరం నుంచి చేయాల్సిన పనిలోనూ ఒక మెలిక ఉంది. ట్రక్కుకు భయపడే పిల్లకు ట్రక్కు కనిపించిన తర్వాత తాయిలం వస్తే, ట్రక్కు తాయిలానికి సూచన అవుతుంది. తాయిలం ముందుగా వచ్చి, ఆ తర్వాత ట్రక్కు వస్తే, తాయిలమే రాబోయే ప్రమాదానికి హెచ్చరిక అవుతుంది. కొన్ని పిల్లలు తాయిలం సంచి చప్పుడుకే బెదిరి వెనక్కి తగ్గడానికి ఇదొక కారణం. భయపడేదాని దగ్గరికి గుళిక చూపి లాక్కెళ్లడం ఇంకా చెడ్డది: పిల్ల తిండి కోసం మెడ చాచి వెళ్తుంది, గుళిక అయిపోగానే తాను ఎక్కడున్నదీ చూసుకుని హడలిపోతుంది. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ తమ దీర్ఘకాల పరిశోధనల ఆధారంగా 1965లో వివరించినట్టు, లోకంతో పరిచయం ఏర్పరచుకునే కీలక దశ సుమారు 3 నుంచి 12 వారాల వయసు మధ్య ఉంటుంది. పిల్ల కొత్త ఇంటికి వచ్చేసరికే అందులో ఎక్కువ భాగం గడిచిపోయి ఉంటుంది. మిగిలిన కొద్ది వారాల్లో కూర్చో, పడుకో అన్న ఆజ్ఞల కంటే, కొత్త మనుషులు, చప్పుళ్లు, నేలలు మంచివేనని తాయిలంతో చెప్పడానికే ఎక్కువ గుళికలు ఖర్చు చేయడం సబబు.

లెక్క తప్పే చోటు

తాయిలాలు రోజువారీ శక్తి అవసరంలో 10 శాతం మించకూడదని పశువైద్యులు చెబుతారు. నిమిషానికి పది తాయిలాలు ఇవ్వమని శిక్షకులు చెబుతారు. ఈ రెండూ పక్కపక్కన పెడితే సామాన్యుడికి తల తిరుగుతుంది కాబట్టి ఒకసారి అంకెలు వేసి చూద్దాం. విశ్రాంతి స్థితిలో శక్తి అవసరానికి వాడే సూత్రం, కిలోల్లో బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణించడం. ఐదు కిలోల పిల్లకు అది సుమారు 234 కిలోకాలరీలు. నాలుగు నెలలు దాటిన పిల్లకు దాన్ని రెండింతలు చేస్తారు, అంటే రోజుకు దాదాపు 470. నాలుగు నెలల లోపైతే మూడింతలు. 470లో 10 శాతం 47. ఒక్కో మెత్తని తాయిలంలో 3 కిలోకాలరీలు ఉంటే, రోజంతటికీ 15 ముక్కలతో కోటా అయిపోతుంది. అంటే మొదటి పాఠం రెండో నిమిషంలోనే.

10 శాతం పరిమితి పెట్టింది సమతుల్యం కాని అదనపు తిళ్లకు. రోజువారీ ఆహారం నుంచే తీసి వాడే గుళికలకు ఆ పరిమితి వర్తించదు. వంద గ్రాముల డ్రై ఫుడ్‌లో సుమారు 370 కిలోకాలరీలు ఉంటే, ఆ పిల్ల రోజువారీ ఆహారం దాదాపు 127 గ్రాములు. ఉదయమే అందులో 30 గ్రాములు తీసి డబ్బాలో వేస్తే, గుళిక పావు గ్రాము ఉన్నా 120 బహుమతులు చేతికి వస్తాయి, గిన్నెలో అంతమేరకు తగ్గుతుంది. ఆ డబ్బాలో నాలుగైదు వాసన గల ముక్కలు వేసి మూత పెట్టి ఉంచితే గుళికలకూ కాస్త ఆ వాసన పట్టి విలువ పెరుగుతుంది. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి) కలిసిన పదార్థాలు కుక్కలకు విషం. ఏ తరగతి తాయిలంలోనూ వాటికి చోటు లేదు. కొత్త తిండి ఏదైనా మొదటి రోజు ఒకటి రెండు ముక్కలతో మొదలుపెట్టకపోతే కడుపు పాడయ్యే అవకాశం ఉంది.

తగ్గించడం, మానేయడం

ఒక చోట, ఒక్కసారి చెప్పగానే, ఎర లేకుండా, పదికి తొమ్మిది సార్లు చేస్తున్న పనికి తాయిలం తగ్గించడం మొదలుపెట్టవచ్చు. అలవాటును నిలబెట్టడంలో అప్పుడప్పుడు దక్కే బహుమతి బలంగా పనిచేసేది ఇప్పుడే. అయినా ఒక్కసారిగా పదికి రెండుకు పడేయకూడదు. పదికి ఎనిమిది, ఏడు, ఐదు అంటూ, మరీ చురుగ్గా చేసిన ప్రయత్నాలను ఎంచి ఇస్తూ రావాలి. తాయిలం రాని చోట ఖాళీ ఉంచకుండా, ఆ క్షణాన పిల్ల కోరుకుంటున్నదే ఇవ్వడం మంచిది. డేవిడ్ ప్రీమాక్ 1959లో చూపించినట్టు, జంతువు ఎక్కువగా చేయాలనుకునే పని, తక్కువగా చేయాలనుకునే పనికి బహుమతి కాగలదు. తలుపు దగ్గర కూర్చుంటే తలుపు తెరుచుకుంటుంది, బంతి వదిలితే బంతి మళ్లీ ఎగురుతుంది. ఇవి రోజూ జరిగేవే కాబట్టి డబ్బాలోని గుళికలు మిగులుతాయి.

ఈ తగ్గింపు సాగుతుండగానే, ఆరేడు నెలల వయసులో, కౌమారం వచ్చి పడుతుంది. న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి చెందిన లూసీ ఆషర్ బృందం 2020లో ప్రచురించిన పరిశోధనలో, కుక్కలు ఐదు నెలల వయసులో కంటే ఎనిమిది నెలల వయసులో తమను పెంచేవారి మాట తక్కువగా విన్నాయి. అదే వయసులో అపరిచితుల మాటను మాత్రం అంతగా పెడచెవిన పెట్టలేదు. ఆ తర్వాత ఏడాది వయసుకు వచ్చేసరికి అవి మాట వినే తీరు మళ్లీ కుదుటపడింది. తాయిలం పనిచేయడం మానేసిందని, ఇక గద్దింపే శరణ్యమని చాలామంది నిర్ణయానికి వచ్చేది సరిగ్గా ఈ కాలంలోనే. చేయాల్సింది పనులను రెండు మెట్లు దించి, తాయిలాన్ని మళ్లీ ప్రతిసారీ ఇచ్చే స్థాయికి తేవడం.

పిలిస్తే రావడం ఒక్కటి మాత్రం ఈ తగ్గింపు లెక్కల్లో చేర్చకపోవడమే మంచిది. కూర్చోవడానికి పోటీగా పెద్దగా ఏమీ ఉండదు, కానీ పిలిచిన ప్రతిసారీ మరో కుక్క, పరుగెత్తే పిల్లి, గడ్డిలో ఎవరో వదిలిన వాసన పోటీలో ఉంటాయి, అవి తమ బహుమతిని ఎప్పుడూ ఎగ్గొట్టవు. కాబట్టి వచ్చిన ప్రతిసారీ పైతరగతి తాయిలం ఇవ్వాలి. ఆ వెంటనే, ప్రమాదం లేని చోటైతే, లీష్ (మెడపట్టీకి కట్టే తాడు) తగిలించకుండా తిరిగి అదే వాసన దగ్గరికి పొమ్మని వదిలేయాలి. పిలుపు అంటే ఆట ముగిసిందని కాకుండా, మధ్యలో ఒక ముక్క దొరుకుతుందని అనుభవంలోకి వచ్చిన కుక్క, నిజంగానే లీష్ వేసి ఇంటికి తీసుకుపోవాల్సిన ఆ ఒక్కసారి కూడా తల తిప్పి పరుగెత్తుకొస్తుంది.